యూరియా బస్తాలు మోసే మూసీ

2025 వానాకాలంలో తెలంగాణ పల్లెల్లో రైతులు యూరియా బస్తా కోసం తెల్లారకముందే చెప్పులు వరుసలో పెట్టి కూర్చున్నారు. అదే రోజుల్లో హైదరాబాద్ నగరం మూసీలోకి నత్రజనిని ఏ వరుసా లేకుండా వదులుతూనే ఉంది. ఎంత అన్నది తేల్చడం కష్టమేమీ కాదు. మనిషి రోజుకు తినే మాంసకృత్తులు 60 గ్రాములు అనుకుంటే అందులో 16 శాతం నత్రజని. ఎదుగుదల ఆగిన ఒంట్లో అది పోగుపడదు. ఎంత వచ్చిందో దాదాపు అంతా బయటికి పోతుంది, అందులోనూ ఎక్కువ భాగం మూత్రంలో. తలకు సుమారు 10 గ్రాములు, కోటి మందికి 100 టన్నులు. యూరియాలో నత్రజని 46 శాతం, బస్తా బరువు 45 కిలోలు. ఆ లెక్కన రోజుకు 4,800 బస్తాల పైచిలుకు! ఇందులో కొంత సెప్టిక్ ట్యాంకుల్లో, నేలలో ఆగిపోతుంది. కొంత శుద్ధి కేంద్రాల మడ్డిలో చేరుతుంది. మిగిలినదంతా నాలాల దారి పట్టి నదికి చేరాల్సిందే.

చేరాక ఏమవుతుంది? మూసీ మీద జరిగే వాదోపవాదాల్లో ఈ ప్రశ్న పెద్దగా వినపడదు. నురగ, కంపు, ఆక్రమణలు, సుందరీకరణ, వీటి చుట్టూనే మాటలు తిరుగుతాయి. నత్రజనిని గాలికి తిరిగి అప్పజెప్పే పని నదులకు కొత్త కాదు, కోట్ల ఏళ్లుగా చేస్తున్నవే. ఆ పని మూసీ ఎక్కడ చేయగలుగుతోంది, ఎక్కడ చేతులెత్తేస్తోంది అన్నది తెలియాలంటే నీళ్లకన్నా అడుగున ఉన్న బురదను, ఇసుకను, రాళ్ల మీది పాకుడును చూడాలి.

మూత్రంలోని యూరియా నదిదాకా యూరియాగా రాదు. యూరియేజ్ అనే ఎంజైము ఉన్న బ్యాక్టీరియా మురుగు గొట్టాల్లోనే దాన్ని విరగ్గొట్టి అమ్మోనియాగా మార్చేస్తుంది. గోడవార మూత్రశాలల దగ్గర ముక్కు పగలగొట్టే ఘాటు ఆ మార్పుదే. నీటిలో అది ఎక్కువగా అమ్మోనియం రూపంలో ఉంటుంది. మన నగరాల మురుగునీటిలో లీటరుకు 30, 40 మిల్లీగ్రాముల అమ్మోనియం నత్రజని ఉండటం మామూలే.

ఇక్కడినుంచి ముందుకు సాగాలంటే ఆక్సిజన్ కావాలి. కొన్ని బ్యాక్టీరియాలు అమ్మోనియాను నైట్రైట్‌గా, మరికొన్ని ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. ఈ రెండు అంచెలనూ కలిపి నైట్రిఫికేషన్ అంటారు. మనం అన్నం తిని శక్తి తెచ్చుకున్నట్టు ఇవి అమ్మోనియాను తిని తెచ్చుకుంటాయి. అయితే ఆ తిండిలో బలం తక్కువ. అందుకే మెల్లగా పెరుగుతాయి. పేగుల్లోని ఈ.కోలై అనువైన చోట ఇరవై నిమిషాలకోసారి రెట్టింపైతే, వీటికి అందుకు ఒక రోజో, అంతకన్నా ఎక్కువో పడుతుంది. ఈ నెమ్మది గుణాన్ని గుర్తుంచుకోవాలి. మూసీ కష్టాల్లో సగం దీని దగ్గరే పుడతాయి.

మిగతా సగం ఆక్సిజన్ దగ్గర. ఒక గ్రాము అమ్మోనియా నత్రజని నైట్రేట్‌గా మారడానికి 4.57 గ్రాముల ఆక్సిజన్ ఖర్చవుతుంది. లీటరుకు 30 మిల్లీగ్రాములు ఉన్న నీటికి 137 మిల్లీగ్రాములు. హైదరాబాద్ వేడిలో, 30 డిగ్రీల దగ్గర, ఎంత శుభ్రమైన నీరైనా లీటరుకు ఏడున్నర మిల్లీగ్రాములకు మించి గాలినుంచి ఆక్సిజన్‌ను పట్టుకోలేదు. అవసరంలో పద్దెనిమిదో వంతు. అదీ కుళ్లే పదార్థమేమీ లేదనుకుంటేనే. మురుగులో ఆ పదార్థం దండిగా ఉంటుంది, దాన్ని తినే బ్యాక్టీరియా వేగంగా పెరుగుతుంది, పంక్తిలో ముందు కూర్చుంటుంది. ఉన్న కాస్త ఆక్సిజన్‌నూ అదే ఊడ్చేస్తుంది. నైట్రిఫై చేసే నెమ్మది జీవులకు విస్తరి కూడా దక్కదు.

అప్పుడు నది ఊపిరి ఆగిపోదు, మారుతుంది. ఆక్సిజన్ అయిపోయిన చోట సూక్ష్మజీవులు నైట్రేట్‌తో ఊపిరి తీసుకుంటాయి. అదీ అయిపోతే మాంగనీసు, ఇనుము, ఆ తర్వాత సల్ఫేట్, చిట్టచివర మీథేన్ పుట్టే దశ. ఒక్కో మెట్టు దిగేకొద్దీ దక్కే శక్తి తగ్గుతుంది కాబట్టి పై మెట్టు ఖాళీ కానిదే కింది మెట్టుకు పెద్దగా పోవు. సల్ఫేట్ మెట్టు దగ్గర వెలువడేది హైడ్రోజన్ సల్ఫైడ్, కుళ్లిన కోడిగుడ్డు వాసన. అది ఇనుముతో కలిస్తే బురద నల్లగా మారుతుంది. వెండి పట్టీలు నల్లబడేదీ ఈ వాయువు వల్లే. కనుక చాదర్‌ఘాట్ వంతెన మీద ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకునే మనిషికి అందేది ఒకరకంగా ప్రయోగశాల నివేదికే: అడుగున ఆక్సిజన్ లేదు, నైట్రేట్ కూడా లేదు, సూక్ష్మజీవులు సల్ఫేట్ మీద పడ్డాయి. కొన్ని దేశాల్లో మురుగు గొట్టాల కంపు ఆపడానికి కావాలనే కాల్షియం నైట్రేట్ కలుపుతారు. ఆ మెట్టు నిండుగా ఉంటే సల్ఫేట్ జోలికి పోవని. నత్రజనితో పొంగిపొర్లే నదిలో నైట్రేట్ కరువు! అమ్మోనియం కొండలా ఉంది, దాన్ని నైట్రేట్ చేసే చేతులు లేవు.

నైట్రేట్ లేకపోతే నష్టమేమిటన్న అనుమానం రావచ్చు. తాగునీటిలో నైట్రేట్ లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదని భారతీయ ప్రమాణం, పసిపిల్లలకు ముప్పని హెచ్చరికలు, ఇవన్నీ నిజమే. కానీ నత్రజని నదిని శాశ్వతంగా విడిచిపోయే ప్రధాన ద్వారం నైట్రేట్ గుండానే ఉంది. ఆక్సిజన్ అందని చోట, తినడానికి కుళ్లిన ఆకో అలమో ఉన్న చోట, కొన్ని బ్యాక్టీరియాలు నైట్రేట్‌ను నైట్రైట్‌గా, నైట్రిక్ ఆక్సైడ్‌గా, నైట్రస్ ఆక్సైడ్‌గా, చివరికి నత్రజని వాయువుగా మారుస్తాయి. ఇది డీనైట్రిఫికేషన్. గాలిలో 78 శాతం ఉన్నది ఆ వాయువే కాబట్టి ఎవరికీ బాధ లేదు. చిక్కల్లా ఈ రెండు పనులూ ఎదురెదురు పరిస్థితులు కోరడంలో ఉంది. మొదటిదానికి ఆక్సిజన్ కావాలి, రెండోదానికి అది ఉండకూడదు. రెండూ పక్కపక్కన ఉండే చోటే నది నత్రజనిని వదిలించుకోగలదు.

అలాంటి చోటు ఎలా ఉంటుందో 1877లోనే ఫ్రాన్స్‌లో ష్లోసింగ్, మ్యూంట్జ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలకు సగం దొరికింది. వాళ్లు ఇసుక నింపిన పొడవాటి గొట్టంలోకి మురుగునీటిని చుక్కచుక్కగా వదిలారు. మొదటి ఇరవై రోజులు ఎలా పోసిన నీరు అలాగే దిగింది. ఆ తర్వాత అమ్మోనియా తగ్గి నైట్రేట్ రావడం మొదలైంది. క్లోరోఫాం ఆవిరి పట్టించగానే అది ఆగిపోయింది, పిడికెడు మట్టి కలిపిన నీరు పోశాక మళ్లీ మొదలైంది. అంటే చేస్తున్నది ఏదో ప్రాణమున్నదే. 1890 ప్రాంతంలో విన్‌గ్రాడ్‌స్కీ ఆ జీవులను విడదీసి పెంచాడు. తర్వాత వందేళ్లకు పైగా బ్యాక్టీరియా మాత్రమే ఈ పని చేస్తుందని, అది కూడా రెండు వేరు జాతులు పంచుకుని చేస్తాయని పుస్తకాలు చెప్పాయి. రెండూ సవరించుకోవాల్సి వచ్చింది. 2005లో అమ్మోనియాతో బతికే ఆర్కియా (బ్యాక్టీరియాలా కనిపించే వేరే వర్గం సూక్ష్మజీవులు) బయటపడింది. 2015లో నైట్రోస్పైరా జాతికి చెందిన ఒక బ్యాక్టీరియా రెండు అంచెలనూ ఒంటిచేత్తో చేస్తుందని తేలింది. అది దొరికిన చోట్లలో ఒకటి చేపల పెంపకం నీటిని వడగట్టే పరికరం. అలాగే నైట్రైట్‌తో అమ్మోనియాను కలిపి, నైట్రేట్‌దాకా పోకుండానే నత్రజని వాయువు చేసే అనామాక్స్ అనే దగ్గరి దారి 1990లలో నెదర్లాండ్స్‌లో మురుగునీటి తొట్టిలో దొరికింది. ఇందులో కొన్ని పెద్ద రహస్యాలు కంపుగొట్టే నీటిలోనే బయటపడటం తమాషాయే.

ఆ గొట్టంలో ఆగిన ఇరవై రోజులను మర్చిపోకూడదు. మెల్లగా పెరిగే జీవులు ఇసుక రేణువును అంటిపెట్టుకుని నిలదొక్కుకోవడానికి పట్టిన సమయం అది. పారే నీటిలో తేలుతూ ఉంటే రెట్టింపయ్యేలోగా కిలోమీటర్ల కొద్దీ దిగువకు కొట్టుకుపోతాయి. ఏదో ఒకదాన్ని పట్టుకు వేలాడాలి. రాయి మీద కాలు జారేలా చేసే పాకుడు అలా వేలాడేవాళ్ల ఊరు. మందం మిల్లీమీటరో రెండో ఉంటుంది, నీటి వైపు పొరలో ఆక్సిజన్, రాతి వైపు పొరలో శూన్యం. పైపొరలో తయారైన నైట్రేట్ కాస్త లోపలికి జారితే చాలు, డీనైట్రిఫికేషన్‌కు చిక్కుతుంది. ఇసుకది ఇంకో తీరు. వేసవిలో వాగులో నీళ్లు లేకపోయినా చెలమ తవ్వితే ఊరుతాయని పల్లెలో పిల్లలకు కూడా తెలుసు. ఏటి కింద, ఇసుక లోపల, ఇంకో ఏరు నెమ్మదిగా నడుస్తూ ఉంటుంది. పైనీరు ఇసుకలోకి దిగి, కొన్ని గంటలో రోజులో లోపల తిరిగి, దిగువన మళ్లీ పైకొస్తుంది. దిగేటప్పుడు ఆక్సిజన్‌తో దిగుతుంది, దారిలో దాన్ని పోగొట్టుకుంటుంది. రెండు పనులకూ కావలసిన వరుసే అది. చెలమ నీరు తేటగా ఉండటానికి వడపోత ఒక్కటే కారణం కాదు.

మూసీ నగరంలో పోగొట్టుకున్నవి ఇవే. అనంతగిరి కొండల్లో పుట్టి గండిపేట చేరేదాకా దాని పాకుడు, ఇసుక, గ్రానైట్ రాళ్లు దానికి ఉన్నాయి. 1908 వరదల తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహా మేరకు కట్టిన ఉస్మాన్‌సాగర్ (గండిపేట), హిమాయత్‌సాగర్ జంట జలాశయాలు పై నీటిని పట్టేస్తాయి. గేట్లు మూసి ఉన్న నెలల్లో బాపూఘాట్ దగ్గర కలిసే మూసీ, దాని ఉపనది ఈసీ రెండింటిలోనూ పారేది దాదాపు నగరం వదిలిన నీరే. దాని కింద ఇసుక సందులు మడ్డితో పూడిపోయి, పైనీటికీ లోపలి నీటికీ రాకపోకలు తెగిపోయాయి. పురానాపూల్ నుంచి నాగోల్ దాకా నదికి అడుగు ఉంది కానీ ఆ అడుగుకు ఊపిరి లేదు.

నాలాల సంగతి ఇంకా ఆలోచించదగ్గది. పోషకాలు ఏటిలో తిన్నగా కొట్టుకుపోవు. నాచు పట్టుకుంటుంది, అది చచ్చాక వదులుతుంది, కాస్త దిగువన ఇంకో జీవి పట్టుకుంటుంది. స్ప్రింగు చుట్టుల్లా సాగే ఈ నడకలో చుట్టు ఎంత పొట్టిదైతే ఏరు అంత బాగా పనిచేస్తున్నట్టు. అమెరికాలో నత్రజని భారీ ఐసోటోపును (ఆనవాలు పట్టడానికి వాడే కాస్త బరువైన నత్రజనిని) చల్లి వెంట నడిచిన పరిశోధకులు, చిన్న సెలయేళ్లు అమ్మోనియంను పదుల నుంచి వందల మీటర్లలోనే పట్టేసుకుంటాయని 2001లో చూపారు. లోతు తక్కువ కాబట్టి ప్రతి చుక్కకూ అడుగు తగులుతుంది. పెద్ద నదిలో చాలా నీరు అడుగును చూడకుండానే సముద్రం చేరుతుంది. 2008లో 72 ఏర్ల మీద వచ్చిన ఇంకో ఫలితం హైదరాబాద్‌కు బాగా తగులుతుంది: నైట్రేట్ పెరిగేకొద్దీ ఏరు వదిలించుకునే మొత్తం కొంత పెరిగినా, వచ్చినదాంట్లో ఎన్నో వంతును వదిలించుకుంటుందన్నది పడిపోతుంది. పెళ్లి భోజనానికి వందమంది వస్తారనుకుంటే వెయ్యి మంది వచ్చినట్టు. వంటవాడు చేయగలిగినంత చేస్తాడు, ఎక్కువమంది ఆకలితోనే పోతారు.

ఈ లెక్కన నగరానికి అసలు మూత్రపిండాలు కూకట్‌పల్లి నాలా, బల్కాపూర్ నాలా లాంటి చిన్న వాగులు కావాలి. వాటికి మనం కాంక్రీటు గోడలు, కాంక్రీటు అడుగు వేస్తున్నాం. 2020 అక్టోబరు వరద చూసినవాళ్లు అది తప్పని తేలిగ్గా అనలేరు, నీరు ఆగకుండా పోవాలి. అయినా గోడ అవసరమైనంతగా అడుగుకు కాంక్రీటు అవసరమా అన్నది ఇంజినీర్లు విడిగా చర్చించాల్సిన విషయం. వరద వేగం, అడుగు కోత లెక్కలు వేసుకుని కొన్ని చోట్ల రాతి, కంకర అడుగు వదలడం సాధ్యపడొచ్చు. నదీతీర అభివృద్ధి నమూనా చిత్రాల్లో దీపాలు, నడకదారులు కనిపిస్తాయి. అడుగు ఎలా ఉంటుందో ఏ బొమ్మా చూపదు.

ఉప్పల్ దాటాక కథ మారుతుంది. ఇక్కడినుంచి నదికి అడ్డంగా పాతకాలపు కత్వలు వస్తాయి. కాలువలకు నీళ్లు మళ్లించడానికి కట్టిన తక్కువ ఎత్తు రాతి కట్టలివి. వీటి వెనుక నీరు నిలిచి మడ్డి దిగుతుంది, ఎండ తగిలి నాచు పెరుగుతుంది, కట్ట మీదినుంచి దూకేటప్పుడు గాలి కలుస్తుంది. నగరం దిగువన 40 కిలోమీటర్ల మేర నీటిని పరీక్షించిన అంతర్జాతీయ నీటి యాజమాన్య సంస్థ పరిశోధకులు, ఈ కత్వల వరుస మురుగును నిలవబెట్టి శుద్ధి చేసే కుంటల్లా పనిచేస్తోందని, కిందికి పోయేకొద్దీ నీరు బాగుపడుతోందని గుర్తించారు. శుద్ధి కోసం ఎవరూ కట్టలేదు. సేద్యం కోసం కట్టినవి ఈ పని కూడా నెత్తిన వేసుకున్నాయి.

ఇలాంటి నదిలో కుళ్లే పదార్థం తగ్గి ఆక్సిజన్ కాస్త మిగలగానే నైట్రిఫికేషన్ మొదలవుతుంది, నైట్రేట్ పెరుగుతుంది. కాగితం మీద చూస్తే కొత్త కాలుష్యం పుట్టుకొచ్చినట్టు ఉంటుంది. అమ్మోనియం ఎంత తగ్గిందో పక్కన రాస్తే తప్ప అది నది కోలుకుంటున్న గుర్తని తెలియదు. ఒక్క బీఓడీ (నీటిలోని కుళ్లే పదార్థాన్ని తినే జీవులు ఎంత ఆక్సిజన్ వాడతాయో చెప్పే కొలత) చూసి నది బాగుందనో చెడిందనో తేల్చే అలవాటు ఇక్కడే బోల్తా పడుతుంది. ఐదు రోజుల బీఓడీ పరీక్షలో అమ్మోనియా తినే ఆక్సిజన్ పూర్తిగా బయటపడదు, ఆ జీవులు లేచి పనిలో దిగేసరికే పరీక్ష ముగుస్తుంది.

ప్రతాపసింగారం, పిల్లాయిపల్లి వైపు కాలువల కింద వరి మళ్లు డీనైట్రిఫికేషన్‌కు పెట్టింది పేరు. నిలిచిన నీటి కింద మట్టి పైపొర కొన్ని మిల్లీమీటర్లు ఎర్రగా ఊపిరితో, దాని కింద నల్లగా ఊపిరి లేకుండా ఉంటుంది. పాకుడులో జరిగేదే ఇక్కడ ఎకరాల మీద జరుగుతుంది. రైతుకు మాత్రం ఇది చిక్కు లాభం. మూసీ నీళ్లు పారితే యూరియా ఖర్చు తగ్గుతుంది, కానీ మోతాదు తన చేతిలో ఉండదు. నత్రజని మించితే పైరు ఏపుగా పెరిగి ఒరిగిపోతుంది, దోమపోటుకూ అగ్గితెగులుకూ లొంగుతుంది, కోతకు రావాల్సిన సమయంలో ఇంకా పచ్చగానే ఉంటుంది. గింజ అవసరం లేని పారాగడ్డికి ఆ బాధ లేదు. ఎంత నత్రజని ఇస్తే అంత పెరుగుతుంది, కోసిన కొద్దీ వస్తుంది, నగరం పాల పశువులకు అమ్ముడుపోతుంది. నగర శివార్లలో మూసీ ఒడ్డున గడ్డి మళ్లు పరుచుకోవడానికి మార్కెట్‌తో పాటు ఈ రసాయనం కూడా కారణం. గడ్డిగా నత్రజని నగరానికి తిరిగొచ్చి, పాలై, మళ్లీ నాలాలో పడుతుంది.

గాలికి పోయేదంతా నిరపాయం కాదన్నది చేదు నిజం. చివరి మెట్టు, నైట్రస్ ఆక్సైడ్‌ను నత్రజనిగా మార్చే ఎంజైము, ఆక్సిజన్‌కు బాగా బెదురుతుంది. ఆక్సిజన్ ఉండీ లేనట్టు ఊగిసలాడే చోట పని సగంలో ఆగి నైట్రస్ ఆక్సైడ్ బయటికొస్తుంది. వందేళ్ల లెక్కలో దాని వేడి పట్టే గుణం బొగ్గుపులుసు వాయువుకు 273 రెట్లు. మనుషుల వల్ల వెలువడే నైట్రస్ ఆక్సైడ్‌లో పదో వంతు ఏర్లు, నదుల గుండా రావచ్చని 2011 నాటి అంచనా. కోలుకునే దశలో ఉన్న నది, అంటే కత్వల ప్రాంతం, ఈ వాయువుకు అనువైన చోటు.

అందుకే నదికి చేరకముందే పని ముగించడం మేలు. ఇక్కడ శుద్ధి కేంద్రం రకం ముఖ్యమవుతుంది. అంబర్‌పేటలోని రోజుకు 339 మిలియన్ లీటర్ల పెద్ద కేంద్రం ఆక్సిజన్ లేకుండా మడ్డి పొర గుండా నీటిని పైకి తోసే పద్ధతిలో కట్టినది. కరెంటు తక్కువ పడుతుంది, కుళ్లే పదార్థం చాలావరకు పోతుంది. అమ్మోనియం మాత్రం పోదు, మాంసకృత్తులు విరగడంతో కాస్త పెరగొచ్చు కూడా. శుద్ధి చేశామన్న మాట అబద్ధం కాదు, నత్రజని విషయంలో నిజమూ కాదు. 2021లో ఆమోదం పొందిన 31 కొత్త కేంద్రాల్లో వాడే ఎస్‌బీఆర్ (సీక్వెన్సింగ్ బ్యాచ్ రియాక్టర్) పద్ధతిలో ఒకే తొట్టిలో కాసేపు గాలి ఊది, కాసేపు ఆపుతారు. పాకుడు పైపొర, లోపొర చేసే పనిని ఇక్కడ గడియారం చేస్తుంది. సరిగా నడిపితే రెండు అంచెలూ పూర్తవుతాయి. సరిగా నడపడమంటే గాలి యంత్రాలు కరెంటు బిల్లుకు భయపడకుండా తిరగడం, మెల్లగా పెరిగే జీవులు కొట్టుకుపోకుండా మడ్డిని తగినన్ని రోజులు తొట్టిలో ఉంచడం. బయటికి వదిలే నీటిలో అమ్మోనియం, నైట్రేట్ ఎంతో రోజూ బోర్డు మీద రాస్తే తొట్టిలో ఏం జరుగుతోందో ఆ రెండు అంకెలే చెప్పేస్తాయి.

నీటిలో అమ్మోనియం మిగిలిందా లేదా అన్నది చేపలకు చావు బతుకుల సమస్య. అమ్మోనియం కన్నా దాని వాయు రూపం, అమ్మోనియా, చాలా విషం. ఏది ఎంత అన్నది నీటి క్షారగుణం (పీహెచ్) తేలుస్తుంది. 30 డిగ్రీల దగ్గర పీహెచ్ 7 ఉంటే వాయు రూపం ఒక శాతంలోపే, 8కి ఏడెనిమిది శాతం, 9కి 45 శాతం. నాచు దట్టంగా పట్టిన చెరువులో మధ్యాహ్నం ఎండకు పీహెచ్ 9 దాటడం వింత కాదు. అదే నాచు రాత్రంతా ఆక్సిజన్ తాగుతుంది. పగలు అమ్మోనియా, తెల్లవారుజామున ఆక్సిజన్ లేమి, రెండు దెబ్బలు. చేపలు తేలిన రోజు పదకొండు గంటలకు నమూనా తీస్తే రెండూ కనిపించకపోవచ్చు.

వానాకాలంలో జంట జలాశయాల గేట్లు ఎత్తిన రోజు పరిస్థితి ఇంకోలా ఉంటుంది. పైనుంచి వచ్చేది మంచినీరే అయినా ముందుగా అది నెలల తరబడి పేరుకున్న నల్ల బురదను లేపుతుంది. అందులోని సల్ఫైడ్ దొరికిన ఆక్సిజన్‌నంతా తినేస్తూ ఒక నల్లటి అలలా దిగువకు పోతుంది. దాని వెనక వచ్చే నీటికి అడుగు కాస్త తేటపడుతుంది, కొన్నాళ్లు నదికి నది రంగు వస్తుంది. ఆ వరదలోనే కత్వల రాళ్ల మీద ఏడాదిగా నిలదొక్కుకున్న పాకుడు కూడా చాలావరకు ఊడిపోతుంది. గేట్లు మూశాక నాలాల నీరు ఆ రాళ్లకు మరునాటికే చేరుతుంది. అమ్మోనియా తినే జీవులు మళ్లీ ఒకటి రెండై, రెండు నాలుగై ఆ రాళ్లను పట్టుకోవడానికి వారాలు పడుతుంది.